పాత చిరునామాలు - మన బాధ్యత

చిరునామా అనునది చిన్న మాటయే గాని దానిలో ఒక వాగ్దానం ఇమిడి ఉన్నది. ‘ఈ చోటికి వచ్చినచో నేను దొరుకుదును’ అనునదే ఆ వాగ్దానం. ఫారసీ, ఉర్దూ భాషల సాంగత్యం వల్ల తెలుగునకు దక్కిన మాటలలో ఇదియొకటి. జవాబు, దస్తావేజు, రద్దు, హాజరు మున్నగు మాటలును ఆ దారినే వచ్చి మన ఇంటి మాటలైనవి. ఒకనాడు చిరునామా ఉత్తరము మీద ఉండెడిది. నేడు ప్రవేశ ప్రకటన మొదలు పరీక్షా ఫలితం వరకు, ఉపకార వేతనం మొదలు ఉద్యోగ ప్రకటన వరకు విద్యార్థికి కావలసిన సమస్తమూ వెబ్‌సైట్ల మీదికి చేరినది. అక్కడ ప్రతి పుటకు యు.ఆర్.ఎల్. అను చిరునామా ఉన్నది. ఈ చిరునామాల విషయమున మన విద్యాసంస్థలు, కార్యాలయాలు చూపుచున్న అశ్రద్ధను గూర్చి మా అభిప్రాయములను పాఠక మిత్రుల ముందుంచదలచితిమి.

వెబ్‌సైట్లను నిర్వహించువారి నోట తరచుగా వినవచ్చు ఫిర్యాదు ఒకటి ఉన్నది. “మేము సైటును పూర్తిగా మార్చి ఏండ్లు గడచినవి. పాత పుటలన్నియు తీసివేసితిమి. అయినను క్రాలర్లు ఆ పాత చిరునామాలనే వెదకుకొనుచు వచ్చుచున్నవి. వాటిని వదిలించుకొను ఉపాయమేమి?” అని వారు అడుగుదురు. క్రాలరు అనగా వెబ్ పుటలను ఒకదాని వెంట ఒకటి చదువుచు, వాటిలోని లంకెలను పట్టుకొని ముందుకు సాగెడి ఒక ప్రోగ్రాము. గూగుల్ వంటి శోధన సంస్థలు దీని సహాయముననే తమ సూచికలను తయారు చేసికొనును. అది తపాలా బంట్రోతు వంటిది. చేతికి ఇచ్చిన చిరునామాకు పోయి తలుపు తట్టుట దాని పని. ఆ ఇంటివారు ఎప్పుడో వెళ్లిపోయినారని ఎవరును చెప్పనిచో అది మరల మరల వచ్చుచునే ఉండును. దోషము బంట్రోతుదా? చెప్పకుండ ఇల్లు మారినవారిదా? మా దృష్టిలో దోషము రెండవవారిదే.

ఇది కేవలము సాంకేతిక నిపుణుల వ్యవహారమని కొందరు తలంతురు. కాని, మండల కేంద్రమునకు ఆమడ దూరమున ఉన్న పల్లెలోని విద్యార్థిని తలచుకొనుడు. ఇంటిలో మొదటి తరము చదువరి. అడిగి తెలిసికొనుటకు అన్నలు లేరు, అక్కలు లేరు. చేతిలోని ఫోనులో ఉపకార వేతనపు ప్రకటన కొరకు వెదకినప్పుడు మూడేండ్ల నాటి పుట మొదట కనబడినచో ఆ బాలిక దానినే నమ్మును. పాత గడువును చూచి అవకాశము దాటిపోయినదని నిరాశ చెందవచ్చును. లేదా రద్దయిన దరఖాస్తు పత్రమును నింపి, బస్సు ఛార్జీలు పెట్టుకొని, పట్టణమునకు పోయి, ఉత్త చేతులతో తిరిగి రావచ్చును. పట్టణములోని సంపన్న విద్యార్థికి పాత పుట ఒక చిన్న విసుగు మాత్రమే. పేద విద్యార్థికి అది ఒక సంవత్సరపు నష్టము. అల్పసంఖ్యాక వర్గాల విద్యార్థులు, బడుగు వర్గాల విద్యార్థులు ఎక్కువగా చదువుకొను కళాశాలలకు ఈ విషయము పరాయిది కానేరదు.

వెబ్ వ్యవస్థను 1989లో ప్రతిపాదించిన టిమ్ బెర్నర్స్-లీ ఈ ప్రమాదమును ముందుగానే గుర్తించెను. 1998లో ఆయన వ్రాసిన ఒక వ్యాసములోని సారాంశము ఇది: మంచి చిరునామా మారదు, చిరునామాలు తమంతట తామే మారవు, మనుష్యులే వాటిని మార్చుదురు. ఈ మాటకు ఒక చక్కని ఉదాహరణము ఉన్నది. ప్రపంచములోని తొలి వెబ్‌సైటు స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనా సంస్థలో వెలసినది. వెబ్ పరిజ్ఞానమును సెర్న్ సర్వజనులకు ఉచితముగా వదలిపెట్టి ఇరువది సంవత్సరములు నిండిన సందర్భమున, 2013లో, ఆ తొలి పుటను దాని మొదటి చిరునామాలోనే తిరిగి నిలిపిరి. ఆ పుట వలన ఆ సంస్థకు కలుగు వ్యాపార లాభమేమియు లేదు. ఇచ్చిన మాట నిలుపుకొనుటయే అందలి లాభము.

అందరును అట్టి శ్రద్ధ చూపుట లేదు. అమెరికాలోని ప్యూ పరిశోధనా కేంద్రము 2024లో ప్రకటించిన అధ్యయనము ప్రకారము, 2013లో ఉన్న వెబ్ పుటలలో 38 శాతము దశాబ్దము తిరుగునప్పటికి అందుబాటులో లేకుండ పోయినవి. ఆ దేశపు సుప్రీం కోర్టు తీర్పులలో ఉదహరించిన వెబ్ చిరునామాలలో దాదాపు సగము, తీర్పు వ్రాసిన నాడు చూపిన సమాచారమును ఇప్పుడు చూపుట లేదని హార్వర్డు న్యాయ పండితులు 2014లో ప్రచురించిన పరిశోధనలో తేల్చిరి. 2011లో ఒక న్యాయమూర్తి తన అభిప్రాయములో ఉదహరించిన చిరునామా గడువు తీరిపోగా, దానిని మరియొకరు కొనుగోలు చేసి, వెబ్ సమాచారపు అశాశ్వతత్వమును వెక్కిరించుచు అక్కడ ఒక సందేశము పెట్టిరి. అత్యున్నత న్యాయస్థానపు పుటలకే ఈ గతి పట్టినప్పుడు మన పరీక్షా ఫలితముల పుటల సంగతి చెప్పనేల?

మన రాష్ట్రములలో ఈ చిక్కునకు మరియొక కారణమును తోడైనది. 2014 జూన్ 2న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రెండు రాష్ట్రములైనది. తెలంగాణలో పది జిల్లాలు 2016 అక్టోబరులో ముప్పది యొకటిగా, 2019లో ముప్పది మూడుగా మారినవి. ఆంధ్రప్రదేశ్‌లోని పదమూడు జిల్లాలు 2022 ఏప్రిల్‌లో ఇరువది ఆరైనవి. ఊరు కదలకున్నను జిల్లా మారినది. జిల్లాతో పాటు కార్యాలయము, దానితో పాటు వెబ్ చిరునామా మారవలసి వచ్చినది. ఇట్టి మార్పులు తప్పనిసరి. మారుటను మేము తప్పు పట్టుట లేదు. చెప్పకుండ మారుటయే తప్పని మా వాదన.

ఇక క్రాలరునకు పాత చిరునామాలు ఎక్కడినుండి దొరకుచున్నవో విచారింతము. మొదటి చోటు మన ఇల్లే. క్రొత్త సైటులోని ఏదో మూల పుటలో, అడుగున ఉన్న లంకెలలో, ఏనాడో ఎక్కించిన పి.డి.ఎఫ్. కరపత్రములలో పాత లంకెలు మిగిలి ఉండును. రెండవది సైట్‌మ్యాప్. ఇది మన పుటల పట్టికను శోధన సంస్థలకు మనమే స్వయముగా సమర్పించు పత్రము. సైటును మార్చినవారు పలువురు ఈ పట్టికను మార్చుట మరతురు. ఇంటి ముందు పాత బోర్డు ఉంచి, వచ్చినవారిని కసరుకొన్నట్లున్నది ఈ వ్యవహారము. మూడవది ఇతరుల సైట్లు. మనకు లంకె ఇచ్చిన వార్తాపత్రికలు, సంఘములు, పూర్వ విద్యార్థులు మనతో పాటు తమ పుటలను దిద్దుకొనరు. నాల్గవది, ప్రయోగము కొరకు నిర్మించి మరచిపోయిన ఉపసైట్లు. ఐదవది క్రాలరు జ్ఞాపకశక్తి. ఒకసారి ఎరిగిన చిరునామాను అది సులభముగా మరువదు. లేదని చెప్పినను, తిరిగి వచ్చినదేమోనని అప్పుడప్పుడు వచ్చి చూచి పోవును. క్రమముగా ఆ రాకపోకలు పలుచబడును. దీనికి కంగారు పడవలసిన పని లేదు. పాత చిరునామాకు ‘లేదు’ అని సమాధానము వచ్చినంత మాత్రాన సైటులోని తక్కిన పుటలకు హాని కలుగదని గూగుల్ సంస్థయే స్పష్టము చేసి యున్నది.

వ్యాధి ఇట్లుండగా, మనవారు సాధారణముగా చేయు చికిత్సలు మూడు. మూడును పొరపాటువే.

మొదటిది గోడ కట్టుట. రోబోట్స్ డాట్ టెక్స్ట్ అను చిన్న ఫైలులో ‘ఇటు రావలదు’ అని వ్రాసి తృప్తి పడుదురు. 1994లో మార్టిన్ కోస్టర్ ప్రతిపాదించిన ఈ మర్యాద 2022లో ఆర్.ఎఫ్.సి. 9309 అను ప్రమాణముగా వెలువడినది. ఇది ఎంతో ఉపయోగకరమైన మర్యాదయే. కాని ఇక్కడ దీని ఫలితము విపరీతము. లోపలికి రావలదన్నచో క్రాలరు రాదు. రానిచో ఆ పుట పోయినదను సంగతియు దానికి తెలియదు. ఆ చిరునామా శోధన ఫలితములలో అట్లే వ్రేలాడుచుండవచ్చును. మరియొక మాట. ఈ ఫైలు ఎవరైనను చదువదగినది. రహస్యపు అరల పేర్లు ఇందులో వ్రాయుట, తాళపు చెవి దాచిన చోటును తలుపు మీద వ్రాసినట్లగును.

రెండవది పాత చిరునామాలన్నింటిని గుండుగుత్తగా ముఖపుటకు మళ్లించుట. పరీక్షా ఫలితము కొరకు వచ్చిన విద్యార్థి సంస్థ భవనపు చిత్రమును, స్వాగత వాక్యమును చూచి నివ్వెరపోవును. ఇట్టి మళ్లింపును గూగుల్ సైతము నిజమైన మార్పుగా పరిగణింపక, దొంగ 404గా లెక్కించును.

మూడవది మర్యాదతో కూడిన అబద్ధము. తెర మీద ‘మీరు కోరిన పుట లేదు’ అని వ్రాసి ఉండును. సర్వరు మాత్రము క్రాలరుతో 200 అని, అనగా ‘అంతయు సవ్యముగా ఉన్నది’ అని చెప్పును. మనిషికి ఒక మాట, యంత్రమునకు ఒక మాట. ఇట్టి సైటులో లంకెలు కూడ అసంపూర్ణముగా వ్రాసి ఉన్నచో, లేని పుటనుండి మరియొక లేని పుటకు దారి ఏర్పడి, క్రాలరు అంతులేని చిరునామాల సుడిలో చిక్కుకొనును. తరువాత ‘క్రాలర్లు మా సర్వరును పీడించుచున్నవి’ అని నిర్వాహకులే వాపోవుదురు.

అట్లయినచో చేయవలసినదేమి? నిజము చెప్పుట. వెబ్ వ్యవస్థ నిజము చెప్పుటకు తగిన మాటలను అంకెల రూపమున మనకు ఎప్పుడో ఇచ్చి యున్నది. పుట శాశ్వతముగా క్రొత్త చోటికి పోయినచో 301. తాత్కాలికముగా పోయినచో 302. దొరకలేదనుటకు 404. ఉండెడిది, తీసివేసితిమి, ఇక రాదు అనుటకు 410. మా దృష్టిలో ఈ చివరిది అన్నింటికంటె నిజాయితీ గల సమాధానము. శోధన సంస్థలు 404ను, 410ని ఇంచుమించు ఒకే తీరున చూచినను, సంస్థ తాను తెలిసి చేసిన పనిని తెలిసి చేసితినని ఒప్పుకొనుట వేరు గదా!

పని క్రమము కూడ కష్టమైనది కాదు. మొదట సర్వరు లాగ్‌ను చదువవలెను. ఏ క్రాలరు, ఏ చిరునామాను, ఎప్పుడు అడిగినదో అందులో ఉండును. గూగుల్‌బాట్ నని చెప్పుకొను ప్రతి ఆగంతకుడును గూగుల్‌బాట్ కాడు; ఐ.పి. సంఖ్యనుండి పేరును, ఆ పేరునుండి తిరిగి సంఖ్యను సరిచూచినచో వేషధారులు బయటపడుదురు. పిదప ఆ చిరునామాలను మూడు రాసులుగా విడదీయవలెను: క్రొత్త చోటికి మారినవి, శాశ్వతముగా పోయినవి, ఏనాడును లేనివి. మొదటి రాసిలోని ప్రతిదానిని దానికి సరియైన క్రొత్త పుటకే 301తో పంపవలెను. ఒక మళ్లింపునుండి మరియొక మళ్లింపునకు త్రిప్పరాదు. గూగుల్‌బాట్ పది మజిలీలకు మించి వెంట రాదు. మళ్లింపును కనీసము ఒక సంవత్సరము ఉంచవలెనని గూగుల్ సలహా. ఉంచగలిగినన్నాళ్లు ఉంచవలెనని మా సలహా. రెండవ రాసికి 410, మూడవ రాసికి 404 చాలును. తరువాత మన పుటలలోని పాత లంకెలను దిద్ది, సైట్‌మ్యాప్‌ను క్రొత్తగా తయారు చేయవలెను. ఏ పుటనుండి ఆ పాత చిరునామా తెలిసినదో గూగుల్ సెర్చ్ కన్సోల్ పలుమార్లు చూపును. చివరగా చేయవలసినది ఓపిక పట్టుట. నాటిన మరునాడే ఫలము కోయలేము.

రెండు భాషల కళాశాలలకు ఒక ప్రత్యేక హెచ్చరిక. తెలుగు, ఉర్దూ లిపులలో చిరునామాలు పెట్టుట నేడు సాధ్యమే; అందుకు గర్వింపవచ్చును. కాని లోపలి సంగతి తెలిసి ఉండవలెను. తెలుగు అక్షర సంకేతము ఒక్కొక్కటి మూడు బైట్లు, ఉర్దూది రెండు బైట్లు. చిరునామాలో ప్రతి బైటును మూడు గుర్తులుగా వ్రాయుదురు. ‘తెలుగు’ అను మూడక్షరముల మాట, గుణింతపు గుర్తులతో ఆరు సంకేతములై, చిరునామాలో 54 గుర్తులగును. ఉర్దూ లిపిలో నాలుగు అక్షరముల ‘ఉర్దూ’ అను మాట 24 గుర్తులగును. ఇట్టి పొడవైన చిరునామా ఒకరినుండి ఒకరికి చేరునపుడు నడుమ తెగిపోవుట సులభము. ఇంకొకటి. అరబ్బీ కాఫ్, యే అక్షరములకును, ఉర్దూ కాఫ్, యే అక్షరములకును సంకేతములు వేరు. మాట నడుమ కంటికి ఒకటే. తెలుగులో మాట చివర పొల్లు తరువాత కనబడని సంకేతమొకటి చేరినను చిరునామా మారిపోవును. మనిషి కంటికి ఒకటిగా ఉన్నది యంత్రమునకు రెండుగా తోచును. క్రాలరు ‘లేని పుట’ను అడుగుచున్నదని విసుగుకొనుటకు ముందు ఈ భేదమును పరిశీలింపవలెను.

పాతదంతయు తీసివేయదగినదని మా అభిప్రాయము కాదు. పాత ప్రశ్నపత్రములు, పాత ఉత్సవముల వివరములు, పాత సంచికలు ఒక సంస్థ చరిత్ర. వాటిని ఉన్న చోటనే ఉంచి, పైన ‘ఇది ఫలానా సంవత్సరమునకు సంబంధించినది, ఇప్పుడు అమలులో లేదు’ అని పెద్ద అక్షరములతో వ్రాసి, క్రొత్త ప్రకటనకు దారి చూపినచో చరిత్రయు నిలుచును, విద్యార్థియు మోసపోడు. నేడు ప్రశ్నలకు జవాబులు చెప్పు కృత్రిమ మేధా యంత్రములు సైతము ఇట్టి పుటలనే చదువుచున్నందున తేదీ వ్రాయుట మరింత అవసరమైనది. భారత ప్రభుత్వ వెబ్‌సైట్లకై 2009లో వెలువడిన మార్గదర్శక సూత్రములు, కాలము చెల్లిన సమాచారమును ఎట్లు భద్రపరచవలెనో ప్రతి శాఖయు ఒక విధానము ఏర్పరచుకొనవలెనని చెప్పి యున్నవి. అయితే విద్యార్థుల పేర్లు, ఫోను సంఖ్యలు, బ్యాంకు ఖాతాల వివరములు గల పాత పట్టికల సంగతి వేరు. అవి చరిత్ర కావు, ఇతరుల సొత్తు. వాటిని సర్వరునుండి నిజముగా తీసివేసి, 410 చెప్పి, శోధన ఫలితములనుండి తొలగింపుమని వెంటనే కోరవలెను. గూగుల్ వారి ఆ తొలగింపు సుమారు ఆరు నెలలే నిలుచును గనుక, మూలమును తీసివేయకుండ కోరిక మాత్రము పెట్టుట వృథా.

“చిన్న సంస్థలము, ధనము లేదు, నిపుణులు లేరు” అని కొందరనవచ్చును. ఆ ఇబ్బందిని మేము ఎరుగనివారము కాము. కాని పైన చెప్పిన పనిలో ధనముతో కొనవలసినది దాదాపుగా ఏమియు లేదు. కావలసినది ఒక రిజిస్టరు. గ్రంథాలయములో పుస్తకము చేరినప్పుడు, తొలగించినప్పుడు, వేరొక బీరువాకు మార్చినప్పుడు నమోదు చేయుదుము గదా! వెబ్ పుటలకును అట్టి రిజిస్టరే వలెను: పాత చిరునామా, క్రొత్త చిరునామా, మార్చిన తేదీ, కారణము. సైటును క్రొత్తగా నిర్మించు గుత్తేదారునకు తుది చెల్లింపు చేయుటకు ముందు ఈ రిజిస్టరును చూపుమని అడుగుట ఏ ప్రిన్సిపాలుగారికైనను సాధ్యమే. కంప్యూటరు శాస్త్ర విద్యార్థులకు ఏటేట ఈ పరిశీలనను ప్రాజెక్టుగా ఇచ్చినచో వారికి విద్యయు, సంస్థకు సేవయు లభించును.

క్రాలరును శత్రువుగా చూచుట మానుదము. 1996లో బ్రూస్టర్ కేల్ స్థాపించిన ఇంటర్నెట్ ఆర్కైవ్ భద్రపరచిన ప్రతులు, పుటలను చదువుచు తిరుగు ఇట్టి యంత్రముల శ్రమ ఫలమే. వికీపీడియాలో చెడిపోయిన తొంబది లక్షలకు పైగా లంకెలను ఆ ప్రతులతో బాగు చేసితిమని ఆ సంస్థ 2018లో ప్రకటించినది. మనము మరచినదానిని అది గుర్తుంచుకొన్నది. పాత చిరునామాను పట్టుకొని మన తలుపు తట్టు క్రాలరు, ఆ చిరునామాను ఇంకను ఎవరో ఒకరు నమ్ముచుండవచ్చునని మనకు గుర్తు చేయుచున్నది. ఆ నమ్మినవారు మన విద్యార్థులే కావచ్చును. వారికి సరియైన దారి చూపుట, దారి లేనప్పుడు లేదని స్పష్టముగా చెప్పుట విద్యాసంస్థల ధర్మము. ఈ విద్యా సంవత్సరము ముగియులోగా ప్రతి కళాశాలయు తన పాత చిరునామాల పట్టికను ఒకసారి తిరుగవేయునని ఆశించుచున్నాము.